మేడమ్ ఇస్మత్ స్పీకర్ల ధర

ఆగండి. చేతిలో ఏ పనున్నా కాసేపు పక్కన పెట్టి ఇది వినండి, ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు తోచేట్టు లేదు.

పొద్దున్నే నేను రెండు పనులు కలిపి చేస్తాను. ఒకటి, కూరకి మొలొఖియా ఆకు దూయడం. రెండోది, పేపర్లో చావుకబుర్ల పేజీ చదవడం. మా అలెగ్జాండ్రియాలో ఆ పేజీ చదవని ఇల్లుండదు. కానీ అందరూ తెలిసినవాళ్ళెవరైనా పోయారేమోనని చదువుతారు, నేను మా ఆయన కోసం చదువుతాను. మా ఆయన హాతిమ్‌కి అత్తారీన్ సందుల్లో పాత ఆడియో సామాన్ల షాపుంది. పాతవంటే చెత్తవి కాదు, ఒకప్పుడు కారు కొనేంత డబ్బు పోసి కొనుక్కున్న ఆంప్లిఫైయర్లు, నడుమెత్తు స్పీకర్లు, ఇత్తడి గంటలా బరువుండే టర్న్‌టేబుళ్ళు. అవి కొన్నవాళ్ళందరికీ ఇప్పుడు డెబ్భై, ఎనభై ఏళ్ళు. అందుకని పేపర్. పోయినాయన పేరు మా షాపు కస్టమర్ల పుస్తకంలో ఉందేమో చూడాలి, ఆ పుస్తకం రాసేదీ నేనే. ఉంటే పెన్నుతో సున్నా చుట్టాలి. నలభై రోజులు ఆగి, నలభయ్యో రోజు ఖురాన్ చదివించడం అయిపోయిన మర్నాడు ఆ ఇంటికి ఫోన్ చెయ్యాలి. నేనే ఎందుకంటే, ఆడగొంతైతే తలుపు తీస్తారని హాతిమ్ అంటాడు. పోయినాయన ఉద్యోగం, తమ్ముళ్ళ హోదాలు, అల్లుళ్ళ డిగ్రీలు అన్నీ అచ్చువేస్తారు ఆ పేజీలో. భార్య పేరు మాత్రం చాలాసార్లు ఉండదు. ఫోన్లో నేను తప్పకుండా అడిగేది అదే.

ఎనిమిదేళ్ళుగా ఇదే పని. ఇదొక్కటే కాదు. స్పీకర్ లోపలుండే కోన్ చుట్టూ మెత్తటి ఫోమ్ అంచు ఒకటుంటుంది, ఇరవై ఏళ్ళకి దానంతటదే ముక్కిపోతుంది. మా సముద్రపు గాలికి ఇంకా ముందే. వేలు పెడితే బిస్కెట్‌లా పొడైపోతుంది. చూసేవాళ్ళకి స్పీకర్ చచ్చిపోయినట్టే కనబడుతుంది కానీ, చావదు. పాత అంచు గీకెయ్యాలి, స్పిరిట్‌తో తుడవాలి, కొత్త రింగు జిగురుతో అంటించాలి, కోన్ సరిగ్గా మధ్యలో నిలబడిందో లేదో వేలితో నొక్కి, చెవి పెట్టి వినాలి. ఎక్కడైనా రాసుకుంటే చిన్న గరగర వినిపిస్తుంది. ఆ గరగర హాతిమ్‌కి వినబడదు, నాకు వినబడుతుంది. అందుకని అన్నీ మా వంటింటి టేబుల్ మీదికే వస్తాయి. అత్తయ్యకి ఆ జిగురు వాసన పడదు. చుట్టాలెవరైనా వస్తే మాత్రం "మా కోడలు ఏం చెయ్యదమ్మా, ఇంట్లోనే ఉంటుంది" అంటుంది, నా గోళ్ళకి అంటుకున్న జిగురు కేసి చూస్తూనే. నాకు నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత నవ్వు రావడం మానేసింది, ఎప్పుడు మానేసిందో గుర్తు లేదు.

ఇక మేడమ్ ఇస్మత్ సంగతి. పోర్టులో ఇంజనీరుగా చేసి రిటైరైన ఫహ్మీ గారు రెండు నెలల కింద పోయారు. నేనే సున్నా చుట్టాను, నేనే ఫోన్ చేశాను. అవతల గొంతు నా ఓదార్పంతా చివరిదాకా విని, "ఎప్పుడొస్తారు?" అని మాత్రం అంది. నేను పేరు అడిగితే ఒక్క క్షణం ఆగి "ఇస్మత్" అంది, చాలా రోజుల తర్వాత ఆ పేరు వాడుతున్నట్టు.

వెళ్ళాం. ఇబ్రహీమియాలో నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. ఒక గది మొత్తం ఆ సామాన్లదే. ఇంగ్లండు స్పీకర్ల జత, జపాన్ వాల్వుల ఆంప్లిఫైయర్, టర్న్‌టేబుల్, గోడ నిండా రికార్డులు, గది మధ్యలో ఒకే ఒక్క కుర్చీ. అన్నిటి అట్టపెట్టెలూ మంచం కింద ఉన్నాయి, లోపలి థర్మోకోల్‌తో సహా. దాచింది తనే అట. "పారెయ్యమని ఆయన ముప్ఫై ఏళ్ళు గొడవ చేశాడు," అందావిడ. మా వ్యాపారంలో అసలు పెట్టె ఉంటే పావు ధర పెరుగుతుంది. ఆ మాట హాతిమ్ అనలేదు. నేనూ అనలేదు.

ఆవిడ ఎందుకు అమ్ముతోందో దాచకుండా చెప్పేసింది. ఉప్పుగాలికి బిల్డింగ్ బాల్కనీలు ఊడిపడుతున్నాయి, రిపేరుకి ఒక్కో ఫ్లాటు రెండు లక్షల పది వేల పౌండ్లు కట్టాలి, నెలాఖరుకి. కట్టకపోతే మరిది ఫ్లాటు అమ్మించేసి ఆవిణ్ణి తంతా అనే ఊళ్ళో తన ఇంటికి తీసుకుపోతానంటున్నాడు. "అక్కడ నాకు గది ఇస్తారు, తాళంచెవి ఇవ్వరు," అని కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళింది.

ఆవిడ తిరిగొచ్చేసరికి హాతిమ్ తన పని మొదలుపెట్టాడు. అది నేను వందసార్లు చూశాను. స్పీకర్ ముందు గుడ్డ తీస్తాడు, ఏమీ ఎరగనట్టు ఫోమ్ అంచు మీద వేలు పెడతాడు. పొడి రాలుతుంది. వేలు ఎత్తి చూపిస్తాడు. తల అడ్డంగా తిప్పుతాడు.

"ఇది పోయింది మేడమ్. మీ మీద గౌరవంతో గదంతా కలిపి నలభై అయిదు వేలు ఇస్తాను."

ఆవిడ ముఖం పాలిపోయింది. అప్పుడు నా నోట్లోంచి ఒక మాట జారింది. నిజం చెప్తాను, ఆవిణ్ణి ఆదుకోవాలని కాదు, ధైర్యం పొంగుకొచ్చీ కాదు. అది గర్వం, అంతే. నేను అంత బాగా చేసే పనిని ఎవరో నా ముందే "పోయింది" అంటే ఒళ్ళు మండింది.

"ఒక్క మధ్యాహ్నం పనండీ అది," అన్నాను. "నేను నలభై జతలు చేశాను."

హాతిమ్ కప్పు సాసర్లో పెట్టేశాడు. మేడమ్ ఇస్మత్ అతన్ని వదిలేసి నా వైపు తిరిగి, చాలా మామూలుగా, కూరగాయల ధర అడిగినట్టు అడిగింది.

"నువ్వు చెప్పమ్మా. నీ ఉద్దేశంలో ఇవి ఎంత చేస్తాయి?"

పెళ్ళయ్యాక, అంతకుముందూ కూడా, నన్నెవరూ ఆ ప్రశ్న వెయ్యలేదు. అత్తయ్య నన్ను ఉప్పెంత వెయ్యాలో అడుగుతుంది. హాతిమ్ ఫలానా కస్టమర్ ఫోన్ నంబరెంతో అడుగుతాడు. నా ఉద్దేశం ఎవరికీ అక్కర్లేకపోయింది. నేను నోరు తెరిచేలోపే హాతిమ్ లేచాడు, నేనూ లేచాను. మెట్లు దిగుతుంటే అన్నాడు, "నీ నోరు నాకు ఎంత ఖరీదో తెలుసా?" ఆ మాట మెల్లిగానే అన్నాడు. అరిచుంటే బావుండేది.

మర్నాడు అతను షాపుకి వెళ్ళాక ఆవిడకి మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి ఓదార్పు మాటలేవీ లేవు. ధర నాకు రాత్రంతా నోటికి వస్తూనే ఉంది, అదే చెప్పేశాను. రెండు లక్షల అరవై వేలు. ఎలాగో కూడా చెప్పాను: అమ్మేవాళ్ళు అడిగే ధరలు చూడకండి, అవి కోరికలు. నిజంగా చేతులు మారిన ధరలు చూడండి. ఏడాదిలో కైరోలో ఇలాంటి జతలు నాలుగు అమ్ముడయ్యాయి, ఎంతెంతకో నాకు తెలుసు. గదంతా ఒకే ధరకి ఇవ్వకండి, స్పీకర్లు వేరు, ఆంప్ వేరు, రికార్డులు వేరు. ఆంప్‌లోని గాజు వాల్వుల మీద కంపెనీ పేరు అచ్చు ఉంటుంది, దుమ్ము దులపబోయి ఆ అక్షరాలు తుడిచెయ్యకండి, అక్షరాలు పోతే సగం ధర పోయినట్టే. ఆవిడ కాగితం మీద రాసుకుంటున్న చప్పుడు వినబడుతోంది. చివర్లో, "అంచు నువ్వొచ్చి వేస్తావా?" అంది.

మంగళవారం వెళ్ళాను. అత్తయ్యకి పిన్నింటికని చెప్పాను, పట్టపగలే, జిగురు సీసా సంచిలో, పైన పార్స్లీ కట్ట. మధ్యాహ్నమంతా పని చేశాను. ఆవిడ నా పక్కనే స్టూలు వేసుక్కూర్చుని రింగు పట్టుకుంది, స్పిరిట్ అందించింది, మధ్యలో వేయించిన వంకాయ, నువ్వుల తహీనా, రొట్టె నోట్లో పెట్టింది నా చేతులు ఖాళీ లేవని. నా పనికి ఎవరైనా పక్కనుండి అందివ్వడం అదే మొదటిసారి. ఇంకో ముక్క పెట్టమని నోరు తెరిచాను.

జిగురు ఆరాక రికార్డు పెట్టి, ఆవిణ్ణి గది మధ్య కుర్చీలో కూర్చోమన్నాను. రెండు స్పీకర్లూ సరిగ్గా కలిసే చోటు అదొక్కటే. ఆవిడ కూర్చోలేదు. ఆ కుర్చీ ఆయనది, ఆయన లేకపోతే ఆయన స్నేహితులది. గురువారాలు ఆరుగురు మగవాళ్ళు ఆ గదిలో కళ్ళు మూసుకుని వినేవారట. ఆవిడ తలుపు బయట కాఫీ కలిపేది. లోపలికి వెళ్తే ట్రే చప్పుడు చెయ్యకు అనేవాడట. నలభై ఒక్క ఏళ్ళు.

"ఇప్పుడు మీరు కూర్చోకపోతే నేనిది అమ్మనివ్వను," అన్నాను. నేనేనా ఆ మాటన్నది, అనిపించింది.

కూర్చుంది. రికార్డులోంచి ఒకావిడ గొంతు పైకి లేచింది. ఊద్ వాద్యం తీగ మీద వేలు జారడం, పాడేమనిషి ఊపిరి తీసుకోవడం, అన్నీ గదిలో మనిషి నించున్నట్టు. మేడమ్ ఇస్మత్ చేతులు ఒళ్ళో పెట్టుకుని, పాట సాంతం కదల్లేదు. అయ్యాక కళ్ళజోడు తీసి తుడుచుకుని, "తలుపవతల నాకు సగమే వినబడేది. మిగతా సగం ఉందని కూడా ఎవరూ చెప్పలేదు," అంది. తర్వాత నవ్వింది, బాగా, పళ్ళు కనబడేట్టు. ఇంకో రికార్డు పెట్టమంది.

శుక్రవారం, నేను పెట్టిన ప్రకటన చూసి, మన్సూరా నుంచి ఒక కళ్ళ డాక్టరు వచ్చాడు. రెండు గంటలు విన్నాడు, పెట్టెలు చూసి ఆశ్చర్యపోయాడు, రికార్డులు తప్ప అన్నీ రెండు లక్షల యాభై అయిదు వేలకి తీసుకున్నాడు. రికార్డులు ఆవిడ అమ్మలేదు, చిన్న టర్న్‌టేబుల్ ఏదైనా చూసిపెట్టమంది నన్ను. బాల్కనీ డబ్బు కట్టేసింది, రసీదు ఫొటో తీసి పంపింది. నాకో కవరిచ్చింది. వద్దన్నాను, నిజంగానే వద్దన్నాను, అలవాటు కదా. "వద్దంటే దానం అవుతుంది, ఇది నీ పని ధర," అని చేతిలో కుక్కింది. లోపల ఇరవై అయిదు వేల అయిదు వందలు. కవరు మీద సిరాతో "ఉస్తాజా నివీన్‌కి" అని రాసుంది. షాపు చుట్టుపక్కల నేను హాతిమ్ వాళ్ళావిణ్ణి. మా ఇంట్లో కోడల్ని. ఉస్తాజా అంటే పంతులమ్మలనీ లాయరమ్మలనీ పిలిచేది. డబ్బులు తీసి బాగ్‌లో పెట్టుకున్నాను, ఆ కవరు మాత్రం అప్పట్నుంచి మాటిమాటికీ తీసి చూసుకుంటున్నాను. ఆవిడకి నేను చేసింది ఒక మధ్యాహ్నం పని. ఆవిడ నాకు చేసిందానికి నా దగ్గర కొలత లేదు, అందుకే ఇది మీకు చెప్తున్నాను.

కానీ ఆ డాక్టరు ఊరికెళ్తూ స్పీకర్ వైరు కొనడానికి ఎక్కడికెళ్ళాడో తెలుసా? మా షాపుకి. సామాను కార్లోనే ఉంది. హాతిమ్ చూపించమన్నాడట.

ఆ సాయంత్రం అతను తొందరగా ఇంటికొచ్చాడు. నేను క్యాబేజీ ఆకుల్లో అన్నం చుడుతున్నాను, అత్తయ్య ఎదురుగా కూర్చుని ఆకుల ఈనెలు తీస్తోంది. అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఎవరు అంటించారని అడగలేదు.

"ఆ అంచు నీ చేతిది. జిగురు ఒక్క చుక్క బయటికి రాలేదు. ఈ ఊళ్ళో అంత శుభ్రంగా ఇంకెవరు వేస్తారు."

"నేనే," అన్నాను. "ధర చెప్పిందీ నేనే. ఇంకోటి కూడా విను. ఆ నలభై రోజుల ఫోన్లు ఇక నేను చెయ్యను."

చేతిలో ఆకు చుట్టి గిన్నెలో పెట్టాను. అతను వంగి కింద పడ్డ ఈనె ఒకటి తీసి వేలికి చుట్టుకున్నాడు. షాపులో మూడు జతలు అంచుల కోసం ఎదురుచూస్తున్నాయని నాకు తెలుసు, అతనికీ తెలుసు. కోపం ఉంది ముఖంలో, దాంతోపాటు భయం కూడా ఉంది, ఆ రెండోది నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు అత్తయ్య, తలెత్తకుండా, దెప్పుతున్నట్టే అంది: "ఊళ్ళో అందరి సామాన్లకీ ధర కడుతోంది కదా మీ ఆవిడ. మరి తనకి ఎంతిస్తే పని చేస్తుందో అడగరా."

దెప్పడమో, సాయమో నాకు ఇంకా తెలీదు. నేను అడిగితే చెప్పే మనిషి కాదావిడ. ఆవిడా మామగారి కాలం నుంచీ నలభై ఏళ్ళు ఆ షాపు మీద బతికే ఇంట్లోనే వండింది. ఏదైనా, ఆవిడకి కూడా థాంక్స్ చెప్పుకుంటున్నాను.

హాతిమ్ తలెత్తాడు. ఎగతాళి లేదు గొంతులో.

"సరే చెప్పు. నీ పనికి ఎంత కావాలి?"

చూశారా, ఇంగ్లండు స్పీకర్లకి నేను అర నిమిషంలో ధర చెప్పగలను. చేతులు మారిన ధర చూడాలి, కోరిక చూడకూడదు, ఆ సూత్రం నాదే. కానీ నా పని ఇదివరకు ఎవరూ కొనలేదు. పోల్చుకోవడానికి ఒక్క అమ్మకం కూడా లేదు, ఆ ఒక్క కవరు తప్ప. పొద్దున్న చెప్తానన్నాను. తక్కువ చెప్తే జన్మంతా అంతే, ఎక్కువ చెప్తే నవ్వుతాడు, ఎనిమిదేళ్ళ వెనకటిది కూడా కలపాలా వద్దా అనేది ఇంకో చిక్కు. తెల్లారితే చెప్పాలి. మీరైతే ఎంత చెప్పేవారు?