చెప్పకుండా వేసిన బ్రేకు

మా బావమరిది బస్సు డ్రైవరు. ముప్పై ఏళ్లు ఈ ఊళ్లోనే బస్సు తోలాడు. షుగరు ముదిరి రెండు కళ్లూ పోయాయి. పెళ్లీ పెటాకులూ లేని మనిషి. అందుకని నా భార్య, అంటే వాడి అక్క, మా ఇంటికి తెచ్చుకుంది. మూడేళ్లు చూసింది. తర్వాత తనే పోయింది. అది జరిగి నాలుగేళ్లు. అప్పట్నుంచి ఇంట్లో మేమిద్దరమే.

నేను కుర్చీలకూ సోఫాలకూ బట్ట బిగించేవాణ్ణి. గుప్పెడు మేకులు నోట్లో పోసుకుని, ఒక్కొక్కటీ నాలుకతో పెదవుల మీదికి తెచ్చి, అయస్కాంతపు సుత్తి మొనతో అందుకుని కొట్టాలి. మూడో తరగతి మానేసిన దగ్గర్నుంచీ అదే పని. పనిలో నోరు తెరిస్తే మేకు గొంతులోకి పోతుంది. పని మానేసినా మాట్లాడడం అలవాటు కాలేదు. మా ఆవిడ ఉన్నన్నాళ్లూ నా వంతు కూడా ఆవిడే మాట్లాడేది. లోటు తెలియలేదు.

ఒక సాయంత్రం నేను కిటికీ పక్కన కూర్చుని ఉన్నాను. బావమరిది గోడ తడుముకుంటూ వచ్చి మంచం మీద కూర్చున్నాడు. నేనక్కడ ఉన్నట్టు వాడికి తెలియదు. తర్వాత అక్కను తలుచుకుని ఏడవడం మొదలుపెట్టాడు. నేను దగ్గాను.

"ఉన్నావా!" అన్నాడు ఉలిక్కిపడి. "ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచి."

"దయ్యమైనా తలుపు చప్పుడు చేస్తుంది బావా. నీకు ఆ పాటి మర్యాద కూడా లేదు."

మర్నాడే అంధుల వసతి గృహానికి ఫోను చేయించాడు. ఒక మంచం ఖాళీగా ఉందట, వచ్చే సోమవారం చేరవచ్చన్నారు. దానికి ముందురోజే వాళ్లు ఏటా జరిపే సైకిల్ యాత్ర. ఇద్దరు కలిసి తొక్కే సైకిళ్లు వాళ్లే ఇస్తారు. చూపున్నవాళ్లు ముందు, లేనివాళ్లు వెనక. ఊరు చుట్టూ ఇరవై కిలోమీటర్లు.

"నాతో రా," అన్నాడు బావమరిది. "ముందు కూర్చుని దారి పొడుగునా నాకు ఊరు చూపించు. నోటితో. చూపించావా, సోమవారం వెళ్లను. లేదా, నీ ఇల్లు నీది, నా మంచం నాది."

వస్తానన్నాను. వాడి చేతికర్ర టకటక కూడా లేకపోతే ఇల్లు ఎలా ఉంటుందో ఆ వారమంతా ఆలోచించాను. ఆ సంగతి వాడికి చెప్పలేదు.

ఆదివారం పొద్దున మైదానంలో నలభై సైకిళ్లు వరసగా నిలబెట్టారు. ఆకాశం మబ్బు పట్టి మురికిగా ఉంది. విజిల్ మెడలో వేసుకున్న ఒకావిడ అందరికీ గట్టిగా చెప్పింది.

"ముందు కూర్చున్నవాళ్లకు ఒకటే రూలు. బ్రేకు వేసేముందు 'బ్రేకు' అని అరవాలి. చెప్పకుండా వేస్తే వెనకవాళ్ల రొమ్ము హ్యాండిలుకు గుద్దుకుంటుంది. అది మీరు చేత్తో కొట్టినట్టే."

"మా బావకి ఆ ఒక్క మాటైనా నేర్పించమ్మా, నీ కడుపు చల్లగా!" అన్నాడు మా వాడు. చుట్టుపక్కలవాళ్లు నవ్వారు.

బయల్దేరాం. "ఎడమ," అన్నాను. "గుంత. బ్రేకు. కుడి."

"రోడ్డు నాకెందుకు? నా అరచేతి గీతలు మర్చిపోతానేమో గానీ ఈ రోడ్డు మర్చిపోను. ఇది ఆసుపత్రి మలుపు. తర్వాత వంతెన. నా కళ్లు పోయాక ఏమేం వచ్చాయో అది చెప్పు."

చూశాను. చాలా ఉన్నాయి. మూసేసిన సినిమా హాలు మెట్ల మీద ఎవరో దుప్పట్లు ఆరేశారు. ఒక మేడ మీద బనీనుతో ఉన్న మనిషి పళ్లు తోముకుంటూ మమ్మల్ని లెక్కపెడుతున్నాడు. ఏది ముందు చెప్పాలో తెలియలేదు. తేల్చుకునేలోగా అవి వెనకబడిపోయేవి.

"దుకాణాలు," అన్నాను.

"దుకాణాలా! అబ్బో. ఊళ్లో దుకాణాలున్నాయన్నమాట."

వంతెన ఎక్కేటప్పుడు ఒక సైకిలు మా పక్కకు వచ్చింది. ముందు ఒక నర్సు, వెనక వాళ్లమ్మ. తల్లి ఆ వసతి గృహంలోనే ఉంటుందని మైదానంలో విన్నాను. నర్సు నోటికి విరామం లేదు.

"అమ్మా, నీళ్లు టీ రంగులో ఉన్నాయే. గట్టు మీద పసుపు చొక్కా ఆయన పోలీసుతో కొట్లాడుతున్నాడు. పోలీసేమో నింపాదిగా ఐస్‌క్రీం నాకుతున్నాడు."

"ఏ రకం ఐస్‌క్రీం అమ్మాయ్?" అని మా వాడు అందుకున్నాడు.

"గులాబీ రంగుది బాబాయ్! మీసానికి కూడా పెట్టాడు!"

వాడు పొట్ట కదిలేలా నవ్వాడు. అక్క పోయాక వాడి నవ్వు వినడం అదే మొదలు.

మా సైకిలుకు రెండు జతల పెడళ్లూ కలిసే తిరుగుతాయి. వెనకవాడి కాళ్లలో బలం ముందువాడి కాళ్లకు తెలుస్తుంది. వాడు వాళ్ల పక్కనే ఉండాలని గట్టిగా తొక్కుతున్నాడు. నన్ను తోసుకుంటూ పోతున్నాడు. అప్పుడు బ్రేకు వేశాను. చెప్పలేదు.

వాడి రొమ్ము హ్యాండిలుకు కొట్టుకుంది. నుదురు నా వీపుకు తగిలింది. వెనక వస్తున్న సైకిళ్లవాళ్లు తిట్టుకుంటూ తప్పుకున్నారు. నర్సు సైకిలు ముందుకు పోయింది.

"ఏమొచ్చింది అడ్డం?" అన్నాడు ఊపిరి తీసుకుంటూ.

"కుక్క."

"ఏ రంగు?"

"నలుపు."

"పెద్దదేనా?"

"పిల్ల. ఒక చెవి తెల్లగా ఉంది." ఆ చెవి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలియదు. "ఎవరో ముసలావిడ సంచి వెంట పోతోంది."

"సంచిలో ఏముంది?"

"రొట్టె."

మళ్లీ తొక్కడం మొదలుపెట్టాం. వాడు అడుగుతున్నాడు, నేను చెబుతున్నాను. ముసలావిడ చెప్పులు జతవి కావన్నాను. కుక్క ఆవిడది కాదు, వెంటపడి వచ్చిందన్నాను. ఉన్నవాటిని చెప్పలేని నోరు లేనివాటిని చెప్పుకుంటూ పోయింది. వాడు ఊఁ కొడుతూనే ఉన్నాడు. మైదానం వచ్చేసింది.

సైకిలు అప్పగించి బెంచీ మీద కూర్చున్నాం. వాడు చొక్కా గుండీలు విప్పి రొమ్ము రుద్దుకున్నాడు. హ్యాండిలంత మందాన అడ్డంగా కమిలి ఉంది. అది చూశాక నా వల్ల కాలేదు.

"కుక్క లేదు," అన్నాను.

"తెలుసు."

తలెత్తి వాడి మొహంలోకి చూశాను.

"ముప్పై ఏళ్లు బ్రేకు మీద కాలు పెట్టి బతికినవాణ్ణి. కుక్క అడ్డమొస్తే ముందు చెయ్యి పక్కకి లాగుతుంది బావా, ఆ తర్వాతే బ్రేకు. నీ బండి గీత గీసినట్టు ఆగింది."

"మరి రంగెందుకు అడిగావు?"

"మాట్లాడుతున్నావుగా. అబద్ధమైతేనేం, నా కోసమే అల్లుతున్నావు. ఆ ముసలిదాన్ని ఇంటికి చేర్చేదాకా వింటూ ఉండిపోదామనుకున్నా. సోమవారం సంగతి కూడా మానేద్దామనుకున్నా." గుండీలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు. "ఒప్పేసుకున్నావు. నేను నవ్వితే నువ్వు ఓర్వలేదని ఇప్పుడు ఇద్దరికీ తెలుసు. అది మధ్యలో పెట్టుకుని ఒక ఇంట్లో ఎట్లా ఉంటాం?"

నా దగ్గర జవాబు ఉంది. నాతో నవ్వి నాలుగేళ్లయింది కదరా, అందుకే వేశాను అని. ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తుండగానే నర్సు తల్లిని నడిపించుకుంటూ వచ్చింది.

"బాబాయ్, రేపు వచ్చేది మీరేనట కదా? మా అమ్మ ఉండేదీ ఆ వరండాలోనే."

వాడు ఒక్క క్షణం నా వైపు తల తిప్పాడు. నేను మాట్లాడలేదు.

"వస్తున్నానమ్మా," అన్నాడు.

సోమవారం పదింటికి రావలసిన వసతి గృహం వ్యాను తొమ్మిదింటికే వచ్చింది. వాడికి సగం గడ్డమే అయింది. బ్లేడు తీసుకుని మిగతా సగం నేను గీశాను. దవడ కింద పట్టుకుని నెమ్మదిగా గీశాను. ఎక్కడా తెగలేదు. మొహం తుడిచి, వ్యాను దాకా తీసుకెళ్లి కూర్చోబెట్టి, పెట్టె కాళ్ల దగ్గర పెట్టాను.

వ్యానతను కాగితం తీసి, "ఈయన మీకేమవుతారు?" అని వాణ్ణి అడిగాడు.

"మా అక్క మొగుడు," అన్నాడు.