ళ పలకని గొంతు

ఆమె కంప్యూటరును మళ్ళీ ఖాళీ చేసింది. ఆమె పని ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది. ఎవరెవరో సాఫ్ట్‌వేర్ రాసి, ప్యాకేజీగా కట్టి, అందరికీ ఉచితంగా పంచిపెట్టమని పంపుతారు. అందరికీ ఇచ్చే ముందు, ఏమీ లేని మిషన్‌లో పెట్టి చూడాలి. కట్టినవాళ్ళ మిషన్‌లో అన్నీ భేషుగ్గానే పనిచేస్తాయి. కాకిపిల్ల కాకికి ముద్దు. తప్పు దొరికితే వెనక్కి పంపి, కొత్తవాళ్ళ కోసం రాసే "తరచూ జరిగే తప్పులు" పేజీలో ఇంకో పేరా చేరుస్తుంది. తోటివాళ్ళు ఆమెను కొర్రీలమ్మ అంటారు. గిన్నె మీద మూత వంకరగా ఉన్నా కొర్రీ వేస్తుందని ఇంట్లో ఆడపడుచు ఫిర్యాదు.

ఆ ఆడపడుచే ఇప్పుడు పక్కన కూర్చుని వింటోంది. ఆమెకు చూపు లేదు. ఇవాళ వచ్చిన ప్యాకేజీ, తెర మీది తెలుగును చదివి వినిపించే గొంతు. సాయంత్రంలోగా పాసవ్వకపోతే, అందరికీ పంచే కొత్త విడుదలలో తెలుగు గొంతే ఉండదు.

"వదినా, 'నీళ్ళు' అనమంటే 'నీ' అని ఊరుకుంటోందేమిటి?"

ఆమె 'కళ్ళు' అని టైపు కొట్టింది. 'పెళ్ళి' కొట్టింది. రెండూ సగంలోనే ఆగాయి. విప్పి చూస్తే, అన్ని అక్షరాల శబ్దాలూ ప్యాకేజీలో ఉన్నాయి, ళ ఒక్కటే లేదు. దాని చిరునామా, ప్యాకేజీ కట్టినాయన సొంత మిషన్‌లోని సొంత ఫోల్డరుకు పోతోంది. తన బీరువాలో దాచుకుని, ఊళ్ళోవాళ్ళను వచ్చి తీసుకోమన్నట్టుంది. ఆయన దగ్గర ఎన్నటికీ బయటపడని తప్పు.

ఆ గొంతూ ఆయనదే. బస్టాండు మైకులో బస్సుల వేళలు చెప్పి రిటైరయ్యారు. ఫోను చేస్తే ఆయన కూతురు ఎత్తింది. "నాన్నగారు ఆస్పత్రిలో ఉన్నారండీ. ఇవ్వమంటున్నారు, ఉండండి."

"నా మిషన్‌లో బాగానే పలుకుతోందమ్మా," అన్నారాయన ఆయాసపడుతూ.

"మీ మిషన్ మా ఇంటికి రాదు కదండీ!" అనేసి నాలుక కరుచుకుంది.

అవతల నవ్వు, వెంటనే దగ్గు. "నిజమే. ఇంటికెళ్ళి తెచ్చే టైము లేదు. ఆ ళ ఇక్కడే మళ్ళీ పలుకుతా. అమ్మాయి ఫోనులో రికార్డు చేసి పంపుతుంది."

"ఆ ఒక్కటీ నేను పలికేస్తే పోలా?" అంది ఆడపడుచు.

"బస్సుకు ఎడ్లబండి చక్రం తగిలించినట్టుంటుంది. నోర్మూసుకో."

ఎండ వాలింది. ఫైలు రాలేదు. ఫోను చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేసింది. జబ్బు మనిషిని తొందరపెట్టడానికి మనసొప్పలేదు. ఊరుకుంటే పక్కనున్న మనిషికి మిషన్ మూగబోతుంది. ఎంతమందికో ప్యాకేజీలు తిప్పి పంపింది గాని, ఇంత భయం ఎప్పుడూ వేయలేదు.

ఇక విడుదల మూసేస్తారనగా ఫైలు వచ్చింది. ఖాళీ మిషన్‌లో పెట్టింది.

"నీళ్ళు," అంది మిషన్. "కళ్ళు. పెళ్ళి."

ఆడపడుచు ఎగిరి గంతేసింది. అంతలోనే తల పక్కకు వంచి, "వదినా, ళ వెనకాల ఊపిరి వినిపిస్తోంది," అంది.

నిజమే. అక్షరం తర్వాత ఏ శబ్దమూ మిగలకూడదు. మిగిలితే వెనక్కి పంపాల్సిందే. ఫోను చేసింది.

"పలికి, పంపెయ్యమన్నారండీ." ఎత్తింది కూతురే. "నేను పంపి తలెత్తేసరికి... అయిపోయారు." కాసేపు ఏడుపు. తర్వాత, "ఇంకేమైనా కొర్రీ ఉందాండీ?"

ఆమెకు దుఃఖం ముంచుకొచ్చింది.

"ఏమీ లేదమ్మా," అని, పాస్ చేసింది.

ప్యాకేజీలో ఆ ఫైలు అలాగే ఉంది: ఒక ళ, దాని వెనకే చిన్న ఊపిరి.