వదులైన చెప్పులు

ఆసుపత్రిలో ఆ పిల్లల వార్డుకు వచ్చే తల్లులు అక్కడి నర్సుకు పెట్టిన పేరు పిసినారి సిస్టరు. చిక్కి శల్యమైన పిల్లలకు కూడా పాలు గిన్నెలో కొలత గీత దాటి చుక్క పోయదు కాబట్టి ఆ పేరు. ఎదురుగా ఎవరూ అనరు గానీ, ఆ వార్డులో ఆమెకు తెలియకుండా ఈగైనా వాలదు. ఎండిపోయిన ఒళ్ళు ఒక్కసారిగా తిండి పడితే తట్టుకోలేదని, ప్రేమ కొద్దీ కుక్కిన ముద్దే ప్రాణం మీదికి తెస్తుందని ఒకప్పుడు ఓపిగ్గా చెప్పేది. ఇప్పుడు అననీలే అనుకుంటోంది. జతగా పనిచేసే నర్సు సెలవు పెట్టింది, ఆమె బదులు ఎవరూ రాలేదు. నిన్నటి డ్యూటీ ఇవాళ్టి డ్యూటీలో కలిసిపోయి, తల దువ్వుకున్నది ఎప్పుడో కూడా గుర్తు లేదు.

కిటికీ పక్క మంచం గుమ్మడిది. అసలు పేరు వేరే ఉంది గానీ, నానమ్మ అలా పిలుస్తుందని వార్డంతా అదే పిలుపు. చెల్లెలు పుట్టగానే తల్లిపాలు దాని వంతు అయ్యాయి, వీడి వంతుకు పలచటి జావ మిగిలింది. తల్లి పసిగుడ్డుతో ఇంటి దగ్గరే ఉండిపోతే, నానమ్మ వీణ్ణి చంకనేసుకుని తెచ్చింది. అప్పుడు వాడి బుగ్గలు నిండుగా, పాదాలు బొద్దుగా ఉన్నాయి. కాళ్ళకు కొత్త చెప్పులు. పాతవి పట్టడం లేదంటే మనవడు ఎదుగుతున్నాడని మురిసిపోయి ఆవిడే కొన్నది. చర్మం పొరలుగా ఊడుతోంది, ఏదైనా పూతమందు ఇస్తారని వచ్చిందే తప్ప, వాడికి తిండి చాల్లేదంటే ఒప్పుకోలేదు.

"ఇలా గుమ్మడికాయలా ఉన్నవాడికి తిండి చాల్లేదంటారేంటి! మీ కళ్ళేమైనా పోయాయా?" అని చేరిన రోజే గొడవ. అది బలుపు కాదు, తిండి చాలక ఒంట్లో నీరు చేరిందని డాక్టరు చెప్పాడు, సిస్టరు చెప్పింది. సిస్టరు వాడి పాదం నొక్కి, పడిన గుంటను చూపించింది కూడా. అంతా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

తీరా వైద్యం పనిచేయడం మొదలయ్యాక అసలు చిక్కు వచ్చిపడింది. నీరు దిగింది. బుగ్గలు జారిపోయాయి, పక్కటెముకలు తేలాయి. సిస్టరుకు ఆ ఎముకలంటే భయం లేదు. వాడు వచ్చినప్పటి నుంచి నవ్వలేదు, ఏడవలేదు. సూది గుచ్చినా గోడకేసి చూస్తూ పడుకుంటాడు, పాలు పోస్తే మింగుతాడు, అంతే. భయమంతా దాని గురించే. ఏడ్చే పిల్లలతో చెవులు తూట్లు పడుతున్నా, వీడొక్కడు ఏడిస్తే చాలునని ఆమె కోరిక.

ఆ మధ్యాహ్నం నానమ్మ మూట కట్టేసింది. మనవడికి చెప్పులు తొడిగి చంకనేసుకోగానే ఒకటి జారి నేల మీద పడింది. ఇక ఆవిడ గొంతు వార్డంతా వినపడింది.

"చూశారా? సరిగ్గా పట్టిన చెప్పులు ఊడిపోతున్నాయి! నిండుగా తెచ్చిన బిడ్డని ఎముకలగూడు చేశారు. పిసినారి చేతికి పాలగిన్నె ఇస్తే ఇంతకంటే ఏమవుతుంది? ఇంటికెళ్ళి నా కోడలికి ఏం మొహం చూపించను?"

సిస్టరుకు ఈ మాట కొత్త కాదు, ఈ మూట కొత్త కాదు. ఇంతకు ముందు ఒకామె ఇలాగే బిడ్డను తీసుకుపోయింది. ఆ పిల్ల దక్కలేదు. వీడు ఈ గుమ్మం దాటితే వీడూ దక్కడు. అంతా తెలుసు. చెప్పాల్సినవన్నీ ఎప్పుడో చెప్పేసింది. మంచం అంచున కూలబడి, సిగ్గు కూడా పడకుండా బూట్లు విప్పేసింది.

నానమ్మ అరుపు మధ్యలో ఆగింది. "అదేంటమ్మా, నీ కాళ్ళు అలా ఉన్నాయేంటి?"

"నిలబడీ నిలబడీ, పెద్దమ్మా." సిస్టరు అలవాటు కొద్దీ చీలమండ పైన బొటనవేలితో నొక్కి తీసింది. పడిన గుంట పడినట్టే ఉంది. "పొద్దుటి నుంచి టీ తప్ప ఏదీ గొంతు దిగలేదు. కాళ్ళు చూస్తే ఇలా ఉన్నాయి. నువ్వే చెప్పు, నేను బలిశానా?"

నానమ్మ వంగింది. సిస్టరు రెండో కాలిని ఆవిడే నొక్కి చూసింది. తర్వాత మనవడి పాదం నొక్కింది. మొన్న గుంటపడిన చోటే, ఇప్పుడు పడలేదు. వాణ్ణి మంచం మీద దించి, పక్కనే చతికిలబడింది.

"వాపు చూసి బలుపనుకున్నారని ఎంతమందిని ఎగతాళి చేశానో ఈ నోటితోనే..." అంది. "నా బిడ్డ ఆకలికి ఉబ్బుతుంటే నేను చెప్పులు కొన్నాను తల్లీ. నలుగురికీ చూపించుకున్నాను."

 వీళ్ళు ఎందుకు వినరని సిస్టరు ఇన్నాళ్ళూ లోలోపల తిట్టుకుంది. విననిది మొండితనం వల్ల కాదు, వింటే ఇదుగో, తప్పు తమదేనన్న ఈ బరువు మోయాలి. ఆవిడ వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

కాసేపటికి నానమ్మ ముక్కు చీదుకుని మూట విప్పింది. "ఆ పాలేవో పట్టుకురా. నీ గీత దాకానే పొయ్యిలే."

గుమ్మడి పాలు తాగాడు. గిన్నె ఖాళీ అయింది. వాడు గోడకేసి తిరగలేదు. గిన్నెలోకి చూశాడు, సిస్టరుకేసి చూశాడు, పెదవి వంకర తిరిగింది. మరుక్షణం గుక్కపట్టి ఏడుస్తూ కాలికి మిగిలిన చెప్పు లాగి విసిరాడు. అది సరిగ్గా సిస్టరు మోకాలికి తగిలింది.

"సిస్టరమ్మని కొడతావురా, వెధవా!" నానమ్మ చెయ్యెత్తింది.

ఆ చెయ్యి పట్టి ఆపింది సిస్టరు. "ఏడవనీ పెద్దమ్మా. వాడికి ఆకలి తెలిసింది." అంటుంటే ఆమెకే ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని, రెండు చెప్పులూ ఏరి దుమ్ము దులిపి ఆవిడ ఒళ్ళో పెట్టింది. "ఇవి దాచు. ఈసారి ఎదిగి తొడుక్కుంటాడు."

"మరి ఇంకొక్క చుక్క..."

"ఊహూఁ."

బూట్లు మళ్ళీ కాళ్ళకు ఎక్కలేదు. వాటిని చేత్తో పట్టుకుని, ఆ ఏడుపు వింటూ, వట్టికాళ్ళతోనే పక్క మంచం దగ్గరికి నడిచింది.