దాలమ్మ శ్రీకూర్మం వెళ్ళింది

"ఆస్పత్రి మైల నా వంటింట్లోకి తేకు" అంటుంది అత్తగారు చూడామణి రోజూ. విశాలి రోజూ పెరట్లో స్నానం చేశాకే లోపలికి అడుగుపెడుతుంది. మంచం పట్టిన మావగారి పక్కగుడ్డలు ఆమే ఉతుకుతుంది, ఆ మైల మాత్రం ఎవరికీ కనిపించదు. నర్సుగా చేరి నెల తిరగలేదు. "పక్కలెత్తే పనికి అంత సదువేటే?" అని మొగుడు హరిచరణ్ వెక్కిరింత ఒకటి.

అందుకే ఆ వీడియో. గర్భసంచి జారి ఆపరేషన్ చేయించుకున్న దాలమ్మకు తల దువ్వుతోంది ఆరోజు. "ఫోన్లో తియ్యనా మామ్మా?" అంటే, "తియ్యమ్మా, నా కూతురైనా ఇలాగ దువ్వలేదు" అని నవ్వింది ముసలమ్మ. 'గర్భసంచి ఆపరేషన్ అయిన మామ్మకు నా సేవ' అని రాసి ఆ వీడియో నెట్‌లో పెట్టేసింది విశాలి. సాయంత్రానికి ఊరూవాడా చూశారు. హరిచరణ్ మొదటిసారి 'మా ఆవిడ' అని రాసి చుట్టాలందరికీ పంపాడు. అత్తగారు తనే కాఫీ కలిపిచ్చింది. విశాలి పొంగిపోయింది, దాచడమెందుకు.

మర్నాడు దాలమ్మ కొడుకు రాముడు నెల్లిమర్ల నుంచి వార్డులోకి దూసుకొచ్చాడు. "శ్రీకూర్మం గుడికెల్తన్నానని సెప్పి ఇక్కడేటి? మా మిల్లు కాడ అందరూ నీ రోగం గురించే అడగతన్నారు!"

కొడుకుతో చెప్పుకోలేని జబ్బు అది. ఏళ్ళ తరబడి పాతచీర పీలిక బిగించుకుని దాచుకుంది. కొంగు మొహం మీదికి లాక్కుంది దాలమ్మ. వాడు వెళ్ళాక విశాలి దువ్వెన పట్టుకుని దగ్గరికెళితే తల అటు తిప్పుకుంది.

"వద్దమ్మా. తీసింది నీ కాడే ఉంచుకుంటావనుకున్నాను."

తిట్టినా బాగుండేది. విశాలికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఇంట్లోవాళ్ళ చేత ఒక మంచిమాట అనిపించుకోవడానికి ఇంకో ఆడదాని బాధను నలుగురిలో పెట్టింది. వీడియో చెరిపేసింది. చుట్టాల ఫోన్లలోంచి ఎవరు చెరుపుతారు?

ఫోన్ చేసి చెబితే హరిచరణ్ నవ్వేశాడు. "ముసిల్ది ఒప్పుకుంది గదా! నోరు మూసుకునుండు. ఉజ్జోగం పోతే మళ్ళీ ఇంట్లోనే పడుంటావు."

ఆ మాట నిజమే. అయినా హెడ్ నర్సు పద్మకుమారి గదిలోకి వెళ్ళి జరిగిందంతా చెప్పింది.

"ఆవిడ ఒప్పుకుందా?" అనడిగింది పద్మకుమారి.

అవునంటే గట్టెక్కుతుంది.

"నమ్మింది మేడమ్," అంది విశాలి. "దాన్నే నేను ఒప్పుకోవడం అనుకున్నాను."