నూట పన్నెండు మెడల సారాంశం

బుధవారం మధ్యాహ్నం రెండుంబావు. తల్లి ఆరిన బట్టలు మడతపెడుతోంది, మేనత్త కిటికీ దగ్గర గోళ్లు కత్తిరించుకుంటోంది, నాయనమ్మ మంచం మీద కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటోంది. చిట్టి మాత్రం కంప్యూటర్ ముందు కొయ్యబొమ్మలా కూర్చుంది.

ఐదింటిలోగా సదస్సుకి పరిశోధన సారాంశం పంపాలి. "ఇదీ పోతే నీ పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ రద్దు కాగితం మీద నేనే సంతకం పెట్టాల్సొస్తుందమ్మా," అని పొద్దున గైడ్ ఫోన్ చేశారు. కసురుకున్నా బాగుండేది, మెత్తగా అన్నారు.

మూడేళ్లు బట్టల ఫ్యాక్టరీల చుట్టూ తిరిగి, మిషన్ కుట్టే నూట పన్నెండు మంది ఆడవాళ్ల మెడలు కొలిచింది. ఉద్దేశం రాసింది, పద్ధతి రాసింది. "కనుగొన్న విషయం" అన్న గడి దగ్గర కావాల్సిన నాలుగు మాటలు నిండుకున్నాయి. గడువు పెంచమని గైడ్‌ని బతిమాలిన ఉత్తరాల్లోనే అవి అయిపోయాయి. రాయబోతే వేళ్లకి అందవు, అనబోతే నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాదు.

ఆ ఇంట్లో మాటలు అయిపోవడం కొత్త కాదు. ఒకరికి నిండుకుంటే ఇంకొకరు ఇస్తారు. ఇచ్చినవాళ్లకి ఆ మాట మళ్లీ రాదు, అంతే. తన అన్న, అంటే చిట్టి తండ్రి, ఉద్యోగం ఇంటర్వ్యూకని మేనత్త "తప్పకుండా" ఇచ్చేసింది. అప్పట్నుంచీ ఎవరేం అడిగినా "చూస్తాలే" అంటుంది.

చిట్టి తల వెనక చెయ్యి పెట్టి చూపించింది.

"మెడా? నాది తీసుకోవే," అంది తల్లి.

"నీది గొలుసు వేసుకున్నదమ్మా. కుట్టీ కుట్టీ అరిగింది కావాలి."

"అయితే మా అమ్మనడుగు. నలభై ఏళ్లు మిషన్ తొక్కింది," అంది మేనత్త.

"వద్దత్తా. ఆవిడ దగ్గర ఇంకెన్ని మిగిలాయని."

నాయనమ్మ కళ్లు తెరిచింది. "మెడ, సూది, వంగడం, నొప్పి. ఈ నాలుగేగా? ఇలా రా."

"ఆఖరిది వద్దు." చిట్టికి ఏడుపు ఆగలేదు. "'బాధ' తాతకి ఆయన చివరి రోజుల్లో ఇచ్చేశావు. ఇదీ పోతే రేపు నీకొస్తే ఏమని చెప్తావు?"

"ఇన్నేళ్లు చెప్పాను, ఎవరు విన్నారే? కాగితం మీద పెడితే పెద్దవాళ్లయినా వింటారేమో. ఏడవకు, టైమెంతయింది?"

నాలుగు దాటింది. నాయనమ్మ దేవుడికి దండం పెట్టుకుని, చిట్టి చెవిలో ఒక్కొక్కటే చెప్పింది. చివరి మాటకి ముందు తన మెడ ఒకసారి తడుముకుంది, అయినా చెప్పింది.

"సూది మీద చూపు నిలిపి వంగిన మెడ, మిషన్ ఆగాక కూడా నిటారు కాదు. నొప్పి వాళ్లతోపాటే ఇంటికి వెళ్తుంది." చిట్టి ఇంతే రాసింది. ఐదుకి పది నిమిషాలుందనగా పంపింది. అందిందని జవాబు వచ్చింది.

మర్నాడు ఉదయం ఆరింటికి నాయనమ్మ లేచి కూర్చుని, మెడ పట్టుకుని నోరు తెరిచింది, మళ్లీ మూసింది. ఎవరూ ఏమిటని అడగలేదు. తల్లి వేడినీళ్లలో గుడ్డ పిండి తెచ్చి మెడ మీద వేసింది. మేనత్త కాసేపు నూనె రాసింది. తండ్రి ఆఫీసుకి వెళ్తూ వెళ్తూ సంచీ కిందపెట్టి, చేతకాని చేతులతో నొక్కాడు. చివరికి చిట్టి వేళ్లు ఆనించి చూసింది. ఎముక పక్కన గోలీ అంత ముడి తగిలింది.

"ఎన్నేళ్ల నుంచి నాయనమ్మా ఇది?"

నాయనమ్మ పది వేళ్లూ చాపి చూపించింది. ముడిచి, మళ్లీ చాపింది.