ముప్పై లెక్కపెట్టు ఉస్తాద్

1964లో షౌకత్ కుడికన్ను పోయింది. బోధన్ దగ్గర ఒక గుట్ట కింద హోంగార్డులకు రైఫిల్ నేర్పే మైదానంలో, పట్టపగలు, పదిమంది చూస్తుండగా.

నేర్పేవాడు రాజారాం. ఫౌజు నుంచి వచ్చినవాడు. అందరూ ఉస్తాద్ అనేవారు. రైఫిల్ మడమ భుజానికి గట్టిగా ఆనించకపోతే తిట్టేవాడు, ట్రిగ్గర్ నొక్కేటప్పుడు కళ్లు మూస్తే వీపు మీద చరిచేవాడు. ఆ రోజు షౌకత్ ట్రిగ్గర్ నొక్కితే టక్కుమంది గాని పేలలేదు. తేమ పట్టిన తూటా. అలాంటప్పుడు గొట్టం గురి వైపే ఉంచి అరనిమిషం ఆగాలి, లోపల మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. కాని రాజారాంకు అన్నం వేళ దాటిపోతోంది.

"ఏం సూస్తున్నవ్‌రా? బోల్టు గుంజు, ఇంకోటి పెట్టు!" అని గద్దించాడు.

షౌకత్ గుంజాడు. తూటా వెనక్కి పేలింది.

విచారణలో రాజారాం రాసిచ్చింది ఒకే మాట: షౌకత్ హుకుం లేకుండా తనంతట తానే బోల్టు తెరిచాడు. చూసినవాళ్లు తలలు వంచుకున్నారు. హోంగార్డుల జాబితాలోంచి షౌకత్ పేరు కొట్టేశారు.

షౌకత్ అన్న ఎజాజ్‌కు నిజామాబాద్‌లో తుపాకులు బాగుచేసే దుకాణం ఉంది. రెండు నెలలు తిరక్కుండానే అతను ఆ మైదానం రైఫిళ్ల మరమ్మతు పని అడిగి తీసుకున్నాడు. రాజారాం అనుమానంగా చూస్తే, "తమ్మునిది నసీబు ఉస్తాద్. నా పని నాది" అన్నాడు. గొట్టాలు తుడిచాడు, వదులైన మరలు బిగించాడు. రైఫిల్ చేతికిచ్చిన ప్రతిసారీ ఎజాజ్ చూపు రాజారాం కుడికన్ను మీదే నిలిచేది.

మరుసటి ఏడు తనిఖీకి పెద్ద అధికారి వస్తున్నాడన్నారు. ముందుగా ఉస్తాదే కాల్చి చూపించాలి. ఎజాజ్ ఒక తూటా విప్పి మందంతా తీసేశాడు, అడుగున నిప్పు రాజేసే టోపీని వారం రోజులు నూనెలో నానబెట్టాడు, మళ్లీ బిగించాడు. ఇక అది ఎన్నటికీ పేలదు. తనిఖీ రోజు రాజారాం రైఫిల్‌లో ఆ తూటా నింపింది అతనే.

రాజారాం బోర్లా పడుకుని నొక్కాడు. టక్. పేలలేదు.

ఎజాజ్ పక్కనే కూర్చున్నాడు. "బోల్టు గుంజు ఉస్తాద్. ఇంకోటి పెట్టు."

రాజారాం కదల్లేదు. మెడ మీద చెమట కారింది.

"ఎందుకు ఆగావు?" అన్నాడు అధికారి.

"ఆగాలె సార్. ముప్పై లెక్కబెట్టాలె. ఇప్పుడు దీస్తే మొకం మీద పేలుతది."

"అయితే లెక్కబెట్టు," అన్నాడు ఎజాజ్. "గట్టిగ. అందరికి వినబడాలె."

ఒకటి, రెండు అంటూ రాజారాం మొదలుపెట్టాడు. తొందరపడితే ఎజాజ్, "నిమ్మలంగ ఉస్తాద్, కన్ను పోతది" అన్నాడు. పద్నాలుగు దగ్గరికి వచ్చేసరికి రైఫిల్ మీద వేళ్లు ఎగిరెగిరి పడుతున్నాయి. ఎజాజ్ ఆ వేళ్లను కళ్లారా చూశాడు, కడుపు నిండా చూశాడు.

ముప్పై పూర్తయ్యేసరికి వరుసలోంచి ఎర్రన్న అనే హోంగార్డు ముందుకొచ్చాడు.

"సార్, షౌకత్‌ను గీయనే బోల్టు గుంజుమన్నడు. ఆ దినం నేను పక్కకే ఉన్న. భయానికి నోరు మూసుకున్న."

అధికారి రాజారాం వైపు తిరిగాడు. "ఇంత తెలిసినవాడివి, అతనికెందుకు చెప్పలేదు?"

మరో ఇద్దరు కూడా ఎర్రన్న మాటే చెప్పారు. నెల తిరక్కుండానే రాజారాంను పనిలోంచి తీసేశారు. తప్పు షౌకత్‌ది కాదని కాగితం వచ్చింది.

తనిఖీ జరిగిన సాయంత్రం ఎజాజ్ ఇంటికి వెళ్లి జరిగిందంతా చెప్పాడు. షౌకత్ గోడకు ఆనుకుని విన్నాడు. వాళ్ల తల్లి హుసేన్ బీ తస్బీ పూసలు తిప్పుతూ కూర్చుంది. కొడుకు కన్ను పోయిన నాటి నుంచి, అందరికీ అల్లా ఉన్నాడని తప్ప మరో మాట ఎరగని మనిషి.

ఆమె తస్బీ ఆపింది.

"వాని చెయ్యి వణికిందంటివి," అంది. "ఎట్ల వణికిందో మళ్ల చెప్పు బేటా."