నా కంటి కోసం పట్టిన ఉపవాసం

నాకు ఒక కన్ను ఏనాడో పోయింది. మిగిలిన దానికి సోమవారం ఆపరేషన్. అందుకని శుక్రవారం మా సంఘమంతా నా కోసం ఉపవాస ప్రార్థన పెట్టుకుంది. తర్లుపాడు దాటాక కంది చేల మధ్య ఉంటుంది మా మందిరం. దగ్గరలో ఇల్లు లేదు, దుకాణం లేదు. ఉపవాసమంటే సాయంత్రం దాకా ఎవరూ మంచినీళ్లు కూడా ముట్టరు.

కూలికి పోతే గాని పూట గడవని వాళ్లు ఆ రోజు మిరపకోతలు మానుకుని నా కోసం చాపల మీద కూర్చున్నారు. నాకు ముఖాలు ఆనవు, గొంతులే గుర్తు. పాస్టర్ జీవానందం గారు ప్రార్థనలో ఒక్కో మాట ముగించగానే అందరూ ఆమేన్ అంటారు. వారం వారం నా చేయి పట్టుకుని మందిరానికి తెచ్చే ఎలీషబా ఆమేన్ మాత్రం అందరిదీ అయిపోయాక, కాస్త ఆలస్యంగా, ఒంటరిగా వస్తుంది.

మధ్యాహ్నం దాటాక అది రావడం ఆగిపోయింది.

కునుకు పట్టిందేమో అనుకున్నాను. మరో మాటకు చెవి పెట్టాను. ఆమేన్ రాలేదు. ఆడవాళ్ల వైపు నుంచి ఏదో గొణుగుడు, చాప మీద మడమ రాపిడి వినిపించాయి. ఎలీషబా మీదికి పరిశుద్ధాత్మ దిగినాడని ముసలి చెంచమ్మ పక్కవాళ్లకు చెప్పింది. దాంతో చప్పట్లు, స్తోత్రాలు పెరిగాయి. పాస్టర్ గొంతు కూడా హెచ్చింది.

నేను మోకాళ్ల మీద పాకుతూ ఆడవాళ్ల చాపల మీదికి పోయాను. ఎవరో నా చేయి పట్టి ఆమె చేతిలో పెట్టారు. రేకుల కింద అంత ఉడుకులో ఆ చేయి చల్లగా, చెమటతో తడిసి ఉంది. నా భార్య సుగుణకు షుగర్ పడిపోయినప్పుడల్లా నేను పట్టుకున్న చేయి ఇట్లాగే ఉండేది.

"అయ్యగారూ, ప్రార్థన ఆపండి," అన్నాను. వినపడలేదు. ఈసారి అరిచాను. చప్పట్లు ఆగిపోయాయి.

పొద్దున ఎలీషబా షుగర్ సూది వేసుకుందా అని ఆమె కోడలు ప్రశాంతిని అడిగాను.

"ఏసుకునింది మామా. తినమంటే, సద్ది కట్టుకున్నా, గుడి కాడ తింటాలే పో అనింది."

పాస్టర్ ఆటోకు ఫోన్ చేశారు. రావడానికి చాలాసేపు పడుతుందన్నారు. చక్కెర కావాలన్నాను. ఉపవాసానికి వచ్చినవాళ్ల దగ్గర ఏముంటుంది? సంచులన్నీ వెదికారు, బెల్లం ముక్క కూడా దొరకలేదు. అప్పుడు పాస్టర్ బీరువా తెరిచి, ఆదివారం ప్రభురాత్రి భోజనపు బల్ల కోసం మార్కాపురంలో కొన్న ద్రాక్షరసం సీసా తెచ్చారు.

"అది ప్రభువు బల్లకు పెట్టింది గదయ్యా," అంది చెంచమ్మ.

"బల్ల ఎవరి కోసం పెట్టినారమ్మా?" అంటూ ఆయన మూత తిప్పారు.

ప్రశాంతి అత్తను లేపి తన గుండెకు ఆనించుకుంది. నేను వేలితో రసం ఆమె పెదవులకు రాశాను. ఆ తీపి తగలగానే ఆమె పళ్లు బిగబట్టి తల పక్కకు తిప్పుకుంది.

"వద్దు... ఇడవను. అన్న కన్ను పోతది."

స్పృహ జారిపోతున్నా ఆ పట్టు మాత్రం జారలేదు. ప్రశాంతి ఏడుస్తూ బతిమాలింది. పాస్టర్ చెప్పి చూశారు. పళ్ల బిగువు వీడలేదు. నా చేతిలో ఆమె చేయి బరువెక్కుతోంది.

నేను సీసా ఎత్తి గటగటా తాగాను.

"ఎలీషబా, నేనే తాగేసినా. ఇంక ఎవరి కోసం ఉంటావు ఉపవాసం?"

"నీ కన్ను..."

"పోతే పోతది. చేయి పట్టుకుని నన్ను గుడికి తెచ్చేదానికి నువ్వుండాల గదా."

మిగిలిన రసంతో సీసాను ఆమె పెదవులకు ఆనించాను. తరువాత సీసా అంచుకు ఆమె పళ్లు టకటకా తగిలాయి. గుటక పడిన చప్పుడు వినపడింది. కాసేపటికి ఇంకొకటి.

"కొంచెం కొంచెంగా తాగు పాపా, పొలమారతది," అంది చెంచమ్మ.

ఆటో వచ్చేసరికి ఆమె తనంతట తానే కూర్చుంది. అయినా ఆసుపత్రికి పోవలసిందేనన్నాను. నేనూ ఎక్కాను. దారిలో కోడలు తిడుతూనే ఉంది, అత్త వింటూనే ఉంది. మందిరంలో మిగిలినవాళ్లు ఉపవాసం సాగించాలా, విడిచిపెట్టాలా అని అడగడానికి పాస్టర్ ఫోన్ చేశారు. ఫోన్ ఎలీషబా చెవి దగ్గర పెట్టాను.

"అందరినీ తినమనండి అయ్యగారూ," అంది ఆమె. కాస్త ఆగి, "నేనూ తింటా," అంది.